పిండమునకు ముందు పలకరింపు

మన తెలుగు కుటుంబములలో నేడు ఒక విచిత్రమైన భక్తి ప్రబలియున్నది. అది బ్రతికియున్న పెద్దలయెడ భక్తి కాదు. గతించిన పెద్దలయెడ భక్తి. తండ్రి తిథిని మరచిన కుమారుడు మనలో అరుదు. ఆనాడు తిథి ఎన్ని గంటలవరకు ఉన్నదో పురోహితుని పదిమార్లు అడిగి, కచేరికి సెలవు పెట్టి, మడి కట్టుకొని తద్దినము పెట్టుదుము. కాకి వచ్చి పిండము ముట్టునంతవరకు ఎండలో ఓపికతో నిలుచుందుము. మంచిదే. కాని ఆ తండ్రి బ్రతికియున్న దినములలో, పండ్లూడిన నోటితో అన్నము మెల్లమెల్లగా నములుచున్నప్పుడు, కాకి కొరకు నిలిచిన కాలములో సగమైనను ఆయన యెదుట కూర్చుంటిమా? ఈ ప్రశ్నను మేము మన సంఘ సోదరులందరిని అడుగుచున్నాము. ఇది కొందరికి నొప్పి కలిగింపవచ్చును. కలిగించినను తప్పు లేదని మా యభిప్రాయము.

కాకులకు పిండము పెట్టువారిని వేమన యోగి ఎంత కఠినముగ అధిక్షేపించెనో తెలుగువారెల్లరు ఎరుగుదురు. మేమంత దూరము పోము. శ్రాద్ధము మానుమని మా వాదము కాదు. మా వాదమిది: వృద్ధులైన తల్లిదండ్రులతోను, తాత అవ్వలతోను, బిడ్డలు లేని మేనత్తలతోను, పెదనాన్నలతోను కాలము గడపుట మర్యాద మాత్రమే కాదు, వారిపై మనము చూపు దయ యంతకంటెను కాదు. అది ఆరాధన. దేవునియెదుట దీపము వెలిగించుట ఎట్టిదో ఇదియు అట్టిదే. ఈ పూజకు కావలసిన ద్రవ్యమొక్కటే, అది మన కాలము. దానికి మారుగా ధనము పంపి సరిపుచ్చుకొనుట, దీపము వెలిగింపక నూనె సీసాను గుడిమెట్లమీద పెట్టి వచ్చుట వంటిది.

ఇది మా సొంత కల్పన కాదు. తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లి యందు, చదువు ముగించి యిల్లు చేరబోవు శిష్యునకు ఆచార్యుడు చేయు ఉపదేశము కలదు. దేవకార్యములను, పితృకార్యములను ఏమరకుమని అందు చెప్పబడినది. ఆ వెనువెంటనే తల్లిని, తండ్రిని, ఆచార్యుని, అతిథిని దైవముగ భావింపుమని చెప్పబడినది. ఈ రెండు ఆజ్ఞలును ఒకే నోటినుండి, ఒకే ఘడియలో వచ్చినవి. మొదటిదానిని పట్టుకొని రెండవదానిని విడుచువాడు శాస్త్రమును సగము చదివినవాడు. మరియొక విశేషము. ఈ మాట చెప్పబడినది సన్యాసికి గాదు, ముసలివానికి గాదు. ఉద్యోగమునకు, వివాహమునకు, లోకవ్యవహారమునకు బయలుదేరుచున్న యువకునకు. అనగా తీరికలేని వానికే ఈ ధర్మము విధింపబడినది.

భారతములోని అరణ్యపర్వమున ధర్మవ్యాధుని కథ కలదు. కౌశికుడను బ్రాహ్మణుడు వేదాధ్యయనమునకై ముసలి తల్లిదండ్రులను విడిచిపోయెను. కోపముతో చూచి కొంగను దగ్ధము చేయునంతటి తపశ్శక్తి గడించెను. అట్టివానికి ధర్మము నేర్పినది మిథిలలో మాంసమమ్ముకొను ఒక వ్యాధుడు. ఆ వ్యాధుడు కౌశికుని తన యింటిలోనికి తోడ్కొనిపోయి, భుజించి సుఖముగ కూర్చున్న తన వృద్ధ జననీజనకులను చూపి, తనకు దైవము వీరేయని చెప్పెను. నీకై దుఃఖించి దుఃఖించి నీ తల్లిదండ్రులు చూపు కోల్పోయిరి, వెంటనే పోయి వారిని సేవింపుమని పంపివేసెను. తపస్సుకంటె, చదువుకంటె ముసలివారి చెంత కూర్చుండుట మిన్నయని చెప్పుటకు వ్యాసుడు ఒక కటికవానిని గురువును జేసెను. మన కుమారులు చదువుల కొరకు, ఉద్యోగముల కొరకు దూరదేశములకు పోవుచున్నారు. పోవలసినదే. కాని కౌశికునకు చెప్పిన మాట వారికి వర్తింపదని ఎవరును చెప్పజాలరు.

మహారాష్ట్రమున స్థిరపడిన మనవారికి మేము వేరే శాస్త్రము చెప్పనక్కరలేదు. షోలాపురము మగ్గముల వాడలలోని మన పద్మశాలి సోదరులకు పండరిపురము పొరుగూరే. అది ఆ జిల్లాలోనిదే. తెనాలి రామకృష్ణకవి పాండురంగమాహాత్మ్యము మూలమునను, 1957లో వచ్చిన చలనచిత్రము మూలమునను ఆ స్థలకథ తెలుగువారికి ఇంటికథయైనది. పుండరీకుడు తల్లిదండ్రులకు పరిచర్య చేయుచుండగా సాక్షాత్తు భగవంతుడు వాకిట నిలిచెను. పుండరీకుడు లేవలేదు. ఒక ఇటుకను విసరి, నా పని ముగియువరకు దానిపై నిలువుమనెను. భగవంతుడు నిలిచెను; నేటికిని నిలిచియే యున్నాడని భక్తుల విశ్వాసము. ఇంతకంటె స్పష్టముగ ఏ మతము చెప్పవలెను? దేవుడు వచ్చినను ముసలివారి సేవ మధ్యలో ఆపకూడదట; ఆపనందులకు దేవుడు అలుగలేదట! నేడు మనమేమి చేయుచున్నాము? అమ్మ సగము మాట చెప్పుచుండగా సెల్‌ఫోను మ్రోగినచో చటాలున లేచిపోవుదుము. పుండరీకుడు దేవుని ఆపెను. మనము ఫోనును ఆపలేము. తరువాత ఏకాదశినాడు ఆ విఠలుని పాదదర్శనమునకు గంటలతరబడి బారులు తీరి నిలుతుము. ఆయన అచ్చట ఎందులకు నిలిచియున్నాడో మాత్రము తలపము.

మన సంఘములలో క్రైస్తవ సోదరులును, మహమ్మదీయ సోదరులును కలరు. వారి గ్రంథములును ఇదే పలుకుచున్నవి. తలిదండ్రులను సన్మానింపుమనునది పది ఆజ్ఞలలో నొకటి. తలిదండ్రులకు చెందవలసినదానిని దేవునికి అర్పించితిమని చెప్పి తప్పించుకొనువారిని ఏసుక్రీస్తు గట్టిగ మందలించిన ఘట్టము మార్కు సువార్త ఏడవ అధ్యాయమున నున్నది. తలిదండ్రులు వార్ధక్యమును చేరినప్పుడు వారియెడ విసుగుమాట యొక్కటియైనను పలుకరాదని ఖురాను పదునేడవ సూరా ఆదేశించుచున్నది. మతములు అనేక విషయములలో భేదించును, ఇందు భేదింపలేదు. కనుక ముసలివారికి కాలమీయనివాడు ఏ దేవుని గుడికి పోయినను అచ్చట వానికి సాకు దొరకదు.

గ్రంథముల మాట యటుండనిండు. మన భాషనే చూడుడు. పసిబిడ్డకు దేవుని చూపి “జేజికి దండము పెట్టు” అందుము. రాయలసీమలోను, దాని చుట్టుప్రక్కలను నాయనమ్మను పిలుచు పేరును జేజియే. తాతను జేజినాయన యందురు. 1953 అక్టోబరు 1వ తేదీన మైసూరు రాష్ట్రమున కలిసిన బళ్లారి సీమవారికి ఈ పిలుపు క్రొత్తది కాదు. దేవునికిని నాయనమ్మకును ఒకే మాట వాడిన జాతి మనది. ఆ మాటను పుట్టించినవారు పండితులు గారు, తల్లులు. పూజగదిలోని జేజికి ప్రొద్దుట దీపము, సాయంకాలము దీపము. వసారాలోని జేజికి మాత్రము “తరువాత మాటలాడెదనమ్మా” అను జవాబు! భాష యెరిగిన సత్యమును మనము మరచితిమి.

ఉత్కళమున నున్న మనవారికిని ఇట్టి జ్ఞాపికయే యున్నది. బరంపురము నగరదేవత పేరు బుఢీ ఠాకురాణి, అనగా ముసలి అమ్మవారు. రెండేండ్లకొకమారు చైత్రమాసమున జరుగు యాత్రలో ఆ తల్లిని ఆలయమునుండి పుట్టింటికి తోడ్కొనివచ్చి దినములతరబడి కొలుతురు. ఆ పుట్టింటివారుగ నెంచబడువారు తెలుగు మాటలాడు డేరా నేతవారు. ముసలి తల్లిని ఇంటికి పిలుచుకొనివచ్చి, ఊరెల్ల పనులు మాని ఆమె చుట్టు తిరుగుటయే పండుగయైనప్పుడు, మన యింటి ముసలి తల్లిని వరుసలు వేసుకొని ఈ నెల నీయింట, వచ్చు నెల నాయింట అని బరువు మూటవలె చేతులు మార్చుట ఏ భక్తి?

ఇక లెక్కకు వత్తము. మేము గుమాస్తాగిరి చేసి విశ్రాంతి పొందినవారము. ముప్పదియేండ్లకు పైగా సెలవు అర్జీలు చూచితిమి. తండ్రి పెద్దకర్మకు సెలవు, తల్లి సంవత్సరీకమునకు సెలవు, అస్థినిమజ్జనమునకు సెలవు. అట్టివి కట్టలు కట్టలు. ముసలి తల్లి చెంత నాలుగు దినములు ఊరక కూర్చుండెదను, సెలవిప్పింపుడని వ్రాసిన అర్జీ మా బల్లమీదికి వచ్చిన జ్ఞాపకము లేదు. అస్సాము ప్రభుత్వము 2024 నవంబరులో తన ఉద్యోగులకు తల్లిదండ్రులతోగాని అత్తమామలతోగాని గడపుటకే రెండు దినముల ప్రత్యేక సెలవు నిచ్చినది. ప్రభుత్వము జ్ఞాపకము చేయవలసి వచ్చుట మనకు గౌరవము కాదు. అయినను ఆ జ్ఞాపకము మంచిదే.

దూరమున నున్న కుమారుడు ఏటికి రెండుమారులు, మారునకు మూడు దినములు ఇంటికి వచ్చుననుకొందము. ఏటికి ఆరు దినములు. తల్లికి డెబ్బదియైదేండ్లు, ఇంకను పదేండ్లు బ్రతుకుననుకొనిన మొత్తము అరువది దినములు. నిద్రకు మూడవవంతు తీసివేసిన నలువది. మిత్రులకు, బజారుకు, ఫోనుకు సగము పోయిన మిగిలినవి ఇరువది. పదేండ్ల తల్లికి కొడుకు ఇచ్చునది ఇరువది దినములు! ఒకే కప్పుక్రింద నున్నవారు ఈ లెక్క చూచి సంతోషింపనక్కరలేదు. దినమునకొక గంట తల్లియెదుట కూర్చున్నవాడు ఏటికి మూడువందల అరువదియైదు గంటలు, అనగా పదునైదు పూర్తి దినములు ఇచ్చినవాడగును. ఇంటనే యుండియు ఆ గంటను ఈయనివాడు దూరమున నున్నవానికంటె దూరమున నున్నాడు.

యానాములోని మన బంధువులు గౌతమీ తీరమున నున్నవారు. గోదావరి పుష్కరముల లెక్క వారికి కంఠపాఠము. 2015లో వచ్చినవి, మరల 2027లో వచ్చును. పండ్రెండేండ్లకొకమారు వచ్చు ఆ స్నానమునకై ఇప్పటినుండియే ప్రయాణములు నిశ్చయించుకొనువారిని అడుగుచున్నాము: మీ యింటి పెద్దవారికి ఇంకెన్ని పుష్కరములు మిగిలియున్నవి? నది మరల పొంగును. పుష్కరము మరల వచ్చును. ఆమె రాదు.

పూర్వము ఇంతటి అవకాశమైనను లేదు. స్వాతంత్ర్యము వచ్చిన దినములలో మన దేశమున సగటు ఆయుర్దాయము ముప్పదిరెండేండ్లకు అటునిటు, నేడు డెబ్బది. 2011 జనాభా లెక్కలనాటికే అరువదియేండ్లు నిండినవారు పదికోట్లకు మించిరి. షష్టిపూర్తి, భీమరథశాంతి, వేయి పున్నములు చూచినవారికి సహస్రచంద్రదర్శనము అని మనవారు ముసలితనమునకు మెట్టుమెట్టుకు పండుగ ఏర్పరచిరి. ఆ పండుగలు చూచుటకు నోచని తరములెన్నియో గతించినవి. మనకు దేవుడు పెద్దలను దీర్ఘకాలము ఉంచినాడు. అడిగిన వరము చేతికందిన తరువాత దానిని భారమని సణుగుట మనకే చెల్లినది.

ఇందులకు చట్టము లేదా యని కొందరందురు. కలదు. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ సంక్షేమములకై 2007లో కేంద్రము చట్టము చేసినది. అరువది దాటినవారు, సంతానము లేనివారైనచో తమ యాస్తికి వారసులు కాగల బంధువులనుండియైనను, భృతి కోరవచ్చును. వృద్ధులను దిక్కులేకుండ విడిచిపెట్టినవారికి మూడు నెలలవరకు ఖైదుగాని, అయిదువేల రూపాయలవరకు జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును. మంచి చట్టము. కాని న్యాయాధికారి భృతి ఇప్పించగలడు, పలకరింపు ఇప్పించలేడు. “నిన్న రాత్రి నిద్ర పట్టినదా?” అని అడుగుమని ఏ చట్టమును శాసింపజాలదు. చట్టము ఆగిపోవుచోట మతము మొదలిడవలెను. అందుకే దీనిని విశ్వాసమునకు సంబంధించిన విషయమని మేము చెప్పుచున్నాము.

ఇప్పుడు ఆక్షేపణలకు సమాధానములు. “ముసలివారు చెప్పినదే చెప్పుదురు” అని యొక యాక్షేపణ. నిజమే. సహస్రనామములను దినదినము చదువువారు ఈ ఆక్షేపణ చేయరాదు. చెప్పినదే చెప్పుటను పూజగదిలో పారాయణమందుము; వసారాలో చాదస్తమందుము. “మా యింట సేవకు లోపము లేదు, నా భార్య చూచుకొనుచున్నది” అని మరియొకరు. ఇది మరియు అన్యాయము. మంచమెక్కిన మామకు గంజి త్రాగించునది కోడలు. మాతృపితృభక్తుడని సభలలో పేరు పొందునది కొడుకు. సేవ ఒకరిది, పుణ్యము మరియొకరిది కాజాలదు. ఆ యిల్లాలికిని తన పుట్టింట వృద్ధులైన తలిదండ్రులు కలరనియు, వారికడకు పోవుటకు ఆమెకును కాలము కావలెననియు తలపని ధర్మము ధర్మము కాదు.

“పెద్దలును ఓర్పు నేర్వవలదా?” అని అడుగువారు కలరు. నేర్వవలెను. ప్రతి మాటకు తప్పుబట్టి, వచ్చినవారిని రానీయక చేసికొను పెద్దలు తమ ప్రసాదమును తామే ఒలకబోసికొనుచున్నారు. తుదకు, “మీరును అరువది దాటినవారే గదా, మీ పక్షమే మీరు వాదించుకొనుచున్నారు” అని కొందరు నవ్వుదురు. నవ్వనిండు. తొంబదికి చేరువైన పెద్దలు మాబోటివారి యిండ్లలోను ఉన్నారు. ఈ మాట ముందుగ వర్తించునది మాబోటివారికే. యువకులకంటె విశ్రాంత ఉద్యోగులకు తీరిక యెక్కువ. అందువలన సాకు తక్కువ.

మన వంటి ప్రవాసాంధ్ర కుటుంబములకు ఈ విషయమున మరియొక లాభనష్టము కలదు. తెలుగు రాష్ట్రములలో పిల్లవానికి తెలుగు వీథిలో వినబడును, బల్లలపై కనబడును. మనకు అట్లు గాదు. హోసూరులోను, కోయంబత్తూరులోను, బరంపురములోను, షోలాపురములోను బడి యొక భాష, బజారొక భాష. తమిళనాట 2006 నాటి చట్టముచే తమిళము ఒకటవ తరగతినుండి క్రమముగ నిర్బంధ పాఠ్యమైనది; ఆ భాషను మన పిల్లలు నేర్వవలసినదే, నేర్చుచున్నారు. కాని మన యింటి తెలుగు ఎచ్చటనున్నది? అవ్వ నోట నున్నది. మన యింటిపేరు ఏ యూరినుండి వచ్చినదో, మన ముత్తాత ఏ కరవులో, ఏ మగ్గముతో, ఏ రైలుపని కొరకు ఈ సీమకు చేరెనో, కులదేవతకు ఏ నాడు ఏ నైవేద్యమో ఏ పుస్తకములోను లేదు. ఆమెకడ కూర్చున్న మనుమనికి భక్తియు, భాషయు, వంశచరిత్రయు ఒక్క పీటమీదనే దొరకును. ఆమె పోయినపిదప సంఘమువారు ఎన్ని తెలుగు తరగతులు పెట్టినను అది పూరింపబడదు.

సంఘముల మాట వచ్చినది కనుక మరియొక చేదు మాట. ఉగాదినాడు ఒక పెద్దవారిని వేదికనెక్కించి, శాలువ కప్పి, ఫోటో తీసి, ఆ ఫోటోను సంచికలో అచ్చువేయుట మనకు ఆచారమైనది. సభ ముగిసినపిదప ఆయనను ఇంటికి చేర్చువాడెవడని చూచువారు లేరు. శాలువ ఒక నిమిషము. మిగిలిన మూడువందల అరువదినాలుగు దినములు ఎవరివి? మా సూచనలివి. ప్రతి శాఖయందు ఒంటరిగ నున్న తెలుగు వృద్ధుల జాబితా వ్రాయింపవలెను. ఇద్దరిద్దరు సభ్యులు వంతులవారీగ వారమునకొకమారు వారింటికి పోయి, మందుల చీటీ చూచి, కొంతసేపు తెలుగులో మాటలాడి రావలెను. పండుగ సభలకు వారిని తీసికొనివచ్చి, తిరిగి దిగబెట్టువారిని ముందుగనే నియమింపవలెను. గృహస్థులు దినమునకొక గంట ఫోనును వేరొక గదిలో నుంచి పెద్దలయెదుట కూర్చుండవలెను. దూరమున నున్నవారు నిశ్చయించిన వేళకు పిలిచి, తొందర లేక మాటలాడవలెను. ఆ వేళను సంధ్యవలె, నమాజువలె, ప్రార్థనవలె తప్పనీయరాదు. తద్దినమునకు వెచ్చించు దినములను తగ్గింపనక్కరలేదు. బ్రతికియున్నవారికి అన్ని దినములైనను ఈయవలెను.

పితృఋణము తీర్చుకొనుట మన ధర్మము. ఋణమిచ్చినవాడు ఎదుట నుండగా చెల్లింపక, అతడు పోయినపిదప అతని పటమునకు చెల్లించుటను ఏ ఖాతాలోను జమ కట్టరు. ఇది గుమాస్తాలమైన మేము రూఢిగ చెప్పగలము. ఈ సంచికను చదువుచున్న సోదరసోదరీమణులారా, ప్రక్క గదిలో ఒక జేజియో, తాతయో, మేనత్తయో మేల్కొనియుండవచ్చును. ఈ పుటను ఇచ్చటనే మూసివేసి వారికడకు పొండు. మిగిలిన వ్యాసములు రేపును ఉండును.